చక్రాల ఇంట్లో ఎనిమిది రోజులు

"అత్తయ్యా, ఆ అలమారా తలుపు చూడండి!" అని మా కోడలు ముందు సీటులోంచి కేక వేసేసరికే ఆలస్యమైపోయింది. మలుపులో తలుపు తెరుచుకుని స్టీలు గిన్నెలు, కందిపొడి సీసా, గోంగూర పచ్చడి డబ్బా ఒకదాని వెనుక ఒకటి కిందికి దూకాయి. డెన్వరు నుండి బయలుదేరి ఇంకా గంట కూడా కాలేదు.

2023 జూలైలో మేము అమెరికా వెళ్లినప్పుడు, ఎల్లోస్టోన్ పార్కు చూపించాలని మా అబ్బాయి అద్దెకు తెచ్చిన బండి అది. ఆర్.వి. అంటారు. పాతిక అడుగుల లారీ మీద చిన్న ఇల్లు కట్టినట్టుంటుంది. పొయ్యి, ఫ్రిజ్, పడకలు, స్నానాల గది అన్నీ అందులోనే. డ్రైవరు నెత్తిమీది గూడు మా మనవడి పడక. పగలు భోజనం చేసే బల్లే రాత్రికి మా ఇద్దరి మంచం. ఫొటోలు చూసినప్పుడు, ఇల్లు వెంట వస్తుంటే ఇక కష్టమేముంది అనుకున్నాను. ఇల్లు వస్తే ఇంటి పని కూడా వస్తుందన్న మాట నాకు అప్పుడు తట్టలేదు.

వయోమింగ్ రాష్ట్రం దక్షిణ భాగంలో గాలి ఎక్కువ. ఎత్తయిన ఆ బండిని గాలి పక్కకు తోస్తుంటే మా అబ్బాయి రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, పలకరించినా పలకలేదు. రాత్రి బస చేసిన చోట నేల ఏటవాలుగా ఉంది. గ్యాసు మీద నడిచే ఆ ఫ్రిజ్, బండి సమంగా నిలబడకపోతే సరిగా చల్లబడదు. అందుకని చక్రాల కింద పసుపుపచ్చని ప్లాస్టిక్ దిమ్మలు పెట్టి, ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించి గంటసేపు తంటాలు పడ్డారు. ఏ.సి., మైక్రోవేవ్ ఒకేసారి వేస్తే కరెంటు పోయేది. వేడినీళ్ల తొట్టిలో పట్టేది ఇరవైమూడు లీటర్లు. ముందు స్నానం చేసినవారు అదృష్టవంతులు. మూడోవారు నేను.

మావారు రైల్వేలో గార్డుగా ముప్ఫై ఐదేళ్లు పనిచేశారు. (ఆ ఉద్యోగానికి 2022లో ట్రైన్ మేనేజరని పేరు మార్చారు. ఆయనకు ఆ పేరు ఇప్పటికీ నచ్చదు.) బండిని వెనక్కి తీసేటప్పుడు ఆయన దిగి టార్చిలైటుతో రైల్వే సైగలు చేసేవారు. మా వాడికి అవి అర్థమయ్యేవి కావు. "నాన్నా, ఆగమంటున్నారా, రమ్మంటున్నారా?" అని వీడు, "ముప్ఫై ఐదేళ్లు డ్రైవర్లందరికీ అర్థమైంది, నీకెందుకు కాదురా?" అని ఆయన. పక్క బండ్లవాళ్లు కుర్చీలు వేసుకుని మరీ చూశారు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నేను రాయాలనుకున్నది వేరొకటి ఉంది.

ఆ బండి అడుగున మూడు తొట్లుంటాయి. మంచినీళ్లకు ఒకటి, స్నానం చేసిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లకు ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి. ఎంత నిండిందో చూపడానికి గోడకు చిన్న దీపాలున్నాయి గాని, మా బండిలో ఖాళీ చేసినా సగం నిండినట్టే చూపించేవి. రెండు మూడు రోజులకొకసారి, అందుకోసమే కట్టిన చోట బండి ఆపి, లావుపాటి గొట్టం తగిలించి ఆ తొట్లను ఖాళీ చేయాలి. దానికి పనివాళ్లెవరూ ఉండరు. ఎవరి బండి వారే చేసుకోవాలి.

రెండో రోజు ఉదయం మా అబ్బాయి మొదటిసారి ఆ పనికి దిగాడు. మా వెనుక నాలుగు బండ్లు వరుసలో ఉన్నాయి. లోపలి మీట పూర్తిగా మూసి ఉందో లేదో చూడకుండా బయటి మూత తిప్పాడు. ఒక్కసారిగా చేతుల మీద, బూట్ల మీద పడింది. వెనుక బండిలోని తెల్లజుట్టు పెద్దాయన చేతి తొడుగుల పెట్టె పట్టుకుని వచ్చి ఎంతో ఓపికగా చూపించారు. ముందు మీట చూడాలట. ముందుగా మరుగుదొడ్డి తొట్టి, ఆ తరువాత వంటింటి నీళ్లు వదిలితే ఆ నీళ్లే గొట్టాన్ని కడుగుతాయట. మా వాడు నవ్వుతూ చేతులు కడుక్కుని వచ్చాడు. కోడలు కూడా నవ్వింది.

కిటికీలోంచి అంతా చూసిన మావారు మాత్రం ఆ పూట ఉప్మా ముట్టలేదు. ఆనాటి నుండి బండిలోని మరుగుదొడ్డి వాడడం మానేశారు. ఎంత దూరమైనా, ఎంత రాత్రయినా, క్యాంపులోని మరుగుదొడ్లకు నడిచి వెళ్లేవారు.

ఎందుకో నాకు తెలుసు. మా మామగారు కోస్తాలో ఒక పట్టణ పురపాలక సంఘంలో పనిచేశారు. పిల్లలకు మేము చెప్పింది అంతవరకే. ఇళ్ల వెనుక పాకీ దొడ్లుండే రోజులవి. తెల్లవారకముందే బకెట్టు, రేకుముక్క, చీపురు తీసుకుని సందుల్లోకి వెళ్లి ఎత్తిపోయడమే ఆయన పని. కొడుకును ఆ సందుల్లోకి రానివ్వకుండా చదివించారు. మనుషుల చేత ఆ పని చేయించకూడదని 1993లో చట్టం వచ్చేనాటికి ఆయన పోయి రెండేళ్లయింది. 2013లో మరో చట్టం వచ్చింది. అయినా మురుగు గుంతల్లో దిగి మనుషులు చనిపోతూనే ఉన్నారు. మా పెళ్లినాడే మావారు నాకు ఇదంతా చెప్పి, "పిల్లలకు వద్దు" అన్నారు. నేనూ దాచాను.

ఎల్లోస్టోన్‌లో మేము దిగిన చోటు పేరు ఫిషింగ్ బ్రిడ్జ్. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోటు గనుక అక్కడ గుడారాలు వేయనివ్వరు, గట్టి గోడలున్న బండ్లకే అనుమతి. సముద్రమట్టానికి రెండువేల మూడువందల మీటర్లకు పైగా ఎత్తు. జూలైలో కూడా రాత్రి స్వెట్టరు కావాలి. అటువంటి చోట రాత్రి రెండింటికి నాకు మెలకువ వచ్చి చూస్తే పక్కన ఆయన లేరు. అబ్బాయిని లేపాను. వాడు లైటు పట్టుకుని వెళ్లి, తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు.

గోడలు పలచన, చుట్టూ నిద్రపోతున్న జనం. అందుచేత ఆ తగవంతా గుసగుసల్లోనే జరిగింది.

"ఎలుగుబంట్లున్నాయని బోర్డు పెట్టారు కదా నాన్నా! లోపల బాత్‌రూమ్ పెట్టుకుని బయటికెందుకు?"

"నేను వెళ్లింది నువ్వు ఎత్తిపోయడానికా నిన్ను చదివించింది?"

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మా అబ్బాయి, "తాతయ్య సంగతి నాకు తెలుసు నాన్నా" అన్నాడు.

ఆయన నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను.

"అమ్మ చెప్పలేదు. నాలుగో తరగతిలో మంచినీళ్ల కుండ దగ్గర ఒకడు చెప్పాడు, అందరి ముందు. మీరు బాధపడతారని ఇంట్లో చెప్పలేదు. తాతయ్య నన్నెత్తుకునే ముందు రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కోవడం నాకు గుర్తుంది. రిటైరయ్యాక కూడా."

ముప్ఫై ఏళ్లకు పైగా మేమిద్దరం వాడికి తెలియకూడదని, వాడు మాకు తెలియకూడదని ఒకే ఇంట్లో జాగ్రత్తపడ్డామన్నమాట.

"నాకు తొడుగులిచ్చినాయన పళ్ల డాక్టరు నాన్నా. ఆయన బండి ఆయనే ఖాళీ చేసుకున్నాడు" అన్నాడు వాడు మెల్లగా.

"చేసుకుంటాడు. రేపు ఆయన మనవణ్ణి ఎవరూ ఆ పేరుతో పిలవరు" అన్నారు మావారు.

దానికి మా వాడు జవాబు చెప్పలేదు. దుప్పటి తెచ్చి తండ్రి భుజాల మీద కప్పాడు. ఇద్దరూ ఆ ఇరుకు బల్ల దగ్గర తెల్లవారేదాకా కూర్చున్నారు. నా మంచం అదే కనుక నాకూ నిద్ర లేదు.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి ధార, లోయ, దున్నల మందలు అన్నీ చూశాము. చాలా బాగున్నాయి. ఫొటోలున్నాయి.

తిరుగు ప్రయాణంలో, బండి అప్పగించే ముందు, చివరిసారి తొట్లు ఖాళీ చేయడానికి వరుసలో నిలబడ్డాము. అబ్బాయి దిగబోతుంటే మావారు వాడి చేతిలోని తొడుగులు తీసుకుని తానే దిగారు. వంగి మీట చూశారు. గొట్టం బిగించి, లాగి చూశారు. పదేళ్ల మనవడు కూడా దిగి, తాతగారి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నీకిది ఎలా వచ్చు తాతయ్యా?"

"మా నాన్న పని ఇది" అన్నారు మావారు. "ఇలా గొట్టాలు లేవు. చేతులతో. తెల్లవారుజామున మూడింటికి లేచేవాడు."

వాడు తాతగారి చేతుల వైపు చూశాడు. "ఆయనకు గ్లౌజులుండేవా?"

"లేవు."

వెనుక బండివాడు హారను మోగించాడు. మావారు లేచి నిలబడి, వాడివైపు తిరిగి, చెయ్యి పైకెత్తి రైల్వే సైగ చేశారు. ఈసారి మా అబ్బాయికి అర్థమైంది. ఆగమని.