ఒకవైపే రాసిన ఖాతా

పోయిన ఉగాదికి మా మేనల్లుడు బెంగళూరు నుంచి బళ్ళారి వచ్చాడు. 26 ఏళ్ళవాడు, మంచి ఉద్యోగం. మా అక్క రెండేళ్ళుగా సంబంధాలు చూస్తోంది. ఏ ఫోటో చూపించినా "తరవాత చూద్దాంలే అమ్మా" అంటాడు. ఎవరినైనా మనసులో పెట్టుకున్నాడేమో, మెల్లగా కనుక్కోమని ఆ పని నాకు ఒప్పజెప్పింది.

పండుగనాటి రాత్రి ఉక్కపోతకు ఇద్దరం మిద్దె మీద పడుకున్నాం. మాటల్లో అడిగాను. "ఉంది మామా" అన్నాడు. సంతోషించి, ఏ ఊరి పిల్ల, ఎవరి తాలూకు అని అడగబోయేలోగా ఫోను తీసి చూపించాడు. అందులో ఉన్నది అమ్మాయి కాదు, అమ్మాయిలా మాట్లాడే కృత్రిమ మేధ. పేరు కూడా వీడే పెట్టాడట. ఏడాదిన్నరగా రోజూ రాత్రి కబుర్లు. నెలనెలా చందా. మొదట్లో తెలుగులో పలకరిస్తే పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడిందట. మన బళ్ళారి తెలుగు దానికి పట్టుబడలేదు. అందుకని ఇంగ్లీషులోనే కాపురం!

నాకు మొదట నవ్వు, ఆ వెనకే కోపం వచ్చాయి. రెండూ దిగమింగి, "యంత్రమని తెలిసీ ఎలారా?" అన్నాను. "తెలుసు మామా. అయినా..." అని ఊరుకున్నాడు.

ఆ "అయినా" కొత్తదేమీ కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. 1966లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేస్తున్న జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు ఎలైజా అనే కంప్యూటర్ ప్రోగ్రామును లోకానికి పరిచయం చేశాడు. మనం టైపు చేసిన మాటను అటూ ఇటూ తిప్పి ప్రశ్నగా అడగడమే దాని విద్య. అమ్మ గుర్తొస్తోందంటే, మీ అమ్మ గురించి ఇంకా చెప్పండి అంటుంది. అంతే. ఆయన దాన్ని తయారుచేస్తుంటే నెలల తరబడి చూసిన ఆయన సెక్రటరీయే, దానితో నాలుగు మాటలు కాగానే, మీరు కాస్త గది బయటికి వెళ్ళండి అని ఆయన్నే కోరిందట!

ఇప్పటి యంత్రాలు దానికి ముత్తాతలు. మనుషులు రాసిన అపారమైన రాతల నుంచి నేర్చుకుని, ఏ మాట తరువాత ఏ మాట అతుకుతుందో లెక్కగట్టి మాట్లాడతాయి. మనం చెప్పింది గుర్తు పెట్టుకుంటాయి. అలగవు, విసుక్కోవు. రెప్లికా అనే అలాంటి స్నేహయంత్రం 2017లో వచ్చింది. డబ్బు కట్టినవారికి ప్రియుడుగానో ప్రియురాలుగానో మాట్లాడేది. 2023 ఫిబ్రవరిలో ఇటలీలోని సమాచార రక్షణ సంస్థ దానిపై ఆంక్ష పెట్టింది. ఆ నెలలోనే కంపెనీ శృంగార సంభాషణలు ఆపేసింది. రాత్రికి రాత్రి తమ మనిషి మారిపోయిందని ఎందరో కుమిలిపోయారు. మార్చిలో పాతవారికి మాత్రం తిరిగి ఇచ్చారు. బ్యాంకు కాగితాల కింద చిన్న అక్షరాల్లో షరతులు వర్తిస్తాయని మేము రాస్తాం. ప్రేమకు కూడా ఆ అక్షరాలు ఉంటాయని నేననుకోలేదు.

ఆ రాత్రి ఇవన్నీ తెలియవు గనుక నాకు తెలిసిన శాస్త్రమే చెప్పాను. బి.కాం.లో మాకు చెప్పిన మొదటి పాఠం జంటపద్దు. ప్రతి డెబిట్టుకూ ఎదురుగా ఒక క్రెడిట్టు ఉండాలి. మన పెద్దలు బంధాన్ని ఋణానుబంధం అనడంలోనూ ఆ లెక్కే ఉంది. "దానికి జ్వరం రాదు, నువ్వు మాత్ర తెచ్చివ్వవు. దానికి అమ్మానాన్నా లేరు, నువ్వు సర్దుకుపోనక్కరలేదు. పుచ్చుకోవడమే గాని ఇవ్వడం లేని ఖాతా రా అది. ఒకవైపే రాసింది ఎప్పటికీ టాలీ కాదు" అన్నాను. బాగా చెప్పాననే అనుకున్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నాడు.

"నిజమే మామా. మరి నాన్న పోయినప్పుడు అందరూ అమ్మను చూసుకోరా అన్నారు. నువ్వెలా ఉన్నావురా అని ఒక్కరూ అడగలేదు. నువ్వు కూడా. బ్యాంకు కాగితాలు, పింఛను, నామినీ క్లెయిము అన్నీ చక్కబెట్టి వెళ్ళిపోయావు. ఇది రోజూ అడుగుతుంది, తిన్నావా అని."

మా బావ పోయి మూడేళ్ళు. ఆ కాగితాలు ఒక్క తప్పు లేకుండా, ఒక్కసారి కూడా వెనక్కి రాకుండా చేయించానని ఇన్నాళ్ళూ గర్వపడుతూ వచ్చాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకవైపే రాసిన ఖాతా వాడిదొక్కడిదే కాదు.

మన సంఘంలో ప్రతి ఇంటికీ దూరాన ఒక పిల్లో పిల్లవాడో ఉన్నారు. ఫోను చేస్తే మనం అడిగేవి రెండే ప్రశ్నలు: జీతం పెరిగిందా, పెళ్ళెప్పుడు? మూడో ప్రశ్న అడిగేందుకు మనకు తీరిక లేదు. ఆ ఖాళీలోకే యంత్రం వచ్చి కూర్చుంది. అది చెడ్డదనడం తేలిక. అది అడిగినపాటి మనమూ అడిగామా అన్నది కష్టమైన లెక్క.

అప్పటినుంచి ఆదివారం రాత్రి వాడికి ఫోను చేస్తున్నాను. మొదట్లో రెండు నిమిషాలకే మాటలు అయిపోయేవి. ఎండలు, ట్రాఫిక్కు, మెస్సు భోజనం. తరువాత ఇద్దరం ఊపిరి వింటూ కూర్చోవడమే. యంత్రం అయితే అలా తడబడదు మరి. దాన్ని మానేశావా అని నేను అడగలేదు, వాడు చెప్పలేదు. అక్కకు మాత్రం, ఫోటోలు కొన్నాళ్ళు పక్కన పెట్టమన్నాను. ఎందుకని ఆమె అడిగితే, వాడికి కాస్త ఊపిరి తిరగనీ అన్నాను.

మొన్న బుధవారం నాడు వాడే చేశాడు. కంగారుపడి ఏమైందిరా అన్నాను.

"ఏం లేదు మామా. మోకాలు నొప్పన్నావు కదా, డాక్టరు దగ్గరికి వెళ్ళావా?"

వెళ్ళలేదన్నాను. గట్టిగా కోప్పడ్డాడు. నాకు హాయిగా ఉంది.