సింకు దగ్గర కుళాయి

పదకొండేళ్ళుగా అమ్మ చేతికి అలవాటైన కుళాయి. బోరు నీళ్ళ సున్నం మెడ దగ్గర తెల్లగా పెచ్చు కట్టింది. వాషరు మార్చినా కారడం ఆగలేదు. డాబా మీద ట్యాంకు వాల్వు కట్టేసి, రెంచితో విప్పాను. గోడలోని అరంగుళం మరలో పాత టేపు పీచులు. వాటిని గీకి తీసి, కొత్తదాని మరకు టెఫ్లాన్ టేపు సవ్యదిశలో చుట్టాను. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడివస్తుంది. 1938లో రసాయన శాస్త్రవేత్త రాయ్ ప్లంకెట్ ఫ్రిజ్‌లకు వాడే వాయువు కోసం ప్రయోగాలు చేస్తుంటే అనుకోకుండా దొరికిన పదార్థం టెఫ్లాన్. మన వంటింటి గోడలో నీటిని ఆపుతోందంటే నాకెంతో అబ్బురం.

కొత్త కుళాయి బిగించి, వాల్వు తెరిచాను. ముందు గాలి బుసకొట్టింది, తర్వాత ధార. ఓసారి కట్టేశాక, పాత అలవాటుకొద్దీ అమ్మ నాలుగు చుట్లు తిప్పబోయింది. పావు చుట్టుకే పూర్తిగా తెరుచుకుంది. పాతదాన్ని మాత్రం పారేయనివ్వలేదు. ఇత్తడిది, చేతిలో బరువుగా ఉంది.