తొలిపలుకు

బిడ్డ యెన్నడు మాటలాడునా యని యెదురుచూడని యిల్లు లేదు. ఉంగాలు కొట్టిన నాడే ఇరుగుపొరుగువారితో చెప్పుకొందుము. 'అత్త' యన్నచో మేనత్తలును, 'తాత' యన్నచో తాతలును తమ్మునే ముందు పిలిచినాడని పోట్లాడుకొందురు. ఈ పోట్లాట ముచ్చటైనదే. కాని ఆ మాట రావలసిన కాలమునకు రానప్పుడు మనము చేయు పనులు అంత ముచ్చటైనవి కావు. మా యింట జరిగినదానిని చెప్పుకొనుట మాకు గౌరవము కాకపోయినను, చదువరులలో నొక్కరికైనను పనికివచ్చునని వ్రాయుచున్నాము.

రాయవరములో మా మనుమనికి పదునెనిమిది నెలలు నిండినను 'అమ్మ' యను మాట రాలేదు. వాడు మూడవ నెలలో ఉంగాలు కొట్టెను, ఏడాదికి నడచెను. కాలువగట్టున ట్రాక్టరు పోయినచో ఉలికిపడెడివాడు. గుడిగంట మ్రోగినచో తల త్రిప్పెడివాడు. కనుక చెవులకు లోపము లేదని మే మందరమును నిశ్చయించుకొంటిమి. "మగపిల్లలకి మాట ఆలస్యమేనండి. వీడి నాన్నకి మాత్రం మూడో ఏడు వచ్చేదాకా మాటలొచ్చాయా?" అని మా యిల్లాలు ధైర్యము చెప్పెను. ఎవరో వసకొమ్ము అరగదీసి నాకింపుమనిరి, నాకించితిమి. బిడ్డ రెండుమారులు వాంతి చేసికొనెను గాని మాటలాడలేదు. ఎడతెగక మాటలాడువానిని వసపిట్ట యనుట మన వాడుక. ఆ వాడుకనే వైద్యమని నమ్మితిమి. ముప్పది యేండ్లు బడిలో పిల్లలకు వ్యాకరణము చెప్పిన మేమును ఆ సానరాతి యొద్దనే కూర్చుంటిమని ఒప్పుకొనక తప్పదు.

మాకు కనువిప్పు కలిగించినది మా యూరి అంగన్వాడి కార్యకర్త. ఒకనాడు బిడ్డ ఆటలో మునిగియుండగా ఆమె వెనుకనుండి మెల్లగా పేరుపెట్టి పిలిచెను. వాడు కదలలేదు. మరల పిలిచెను, కదలలేదు. గట్టిగా చప్పట్లు కొట్టగా తిరిగి చూచెను. "మాస్టారండీ, చప్పుడైతే వింటున్నాడండి. మాట వినబడ్డం లేదేమోనండి. ఓసారి కాకినాడ తీసుకెళ్ళి చెవులు చూపించండి" అనెను.

పరీక్షించిన వైద్యుడు మధ్యరకపు చెవుడని తేల్చెను. పెద్ద చప్పుడు విన్నంతమాత్రమున మాట విన్నట్లు కాదట. పుట్టుచెవుడు గల శిశువులును ఉంగాలు కొట్టుదురు. ఆరు మొదలు పది నెలల నడుమ రావలసిన 'బబబ', 'దదద' యను స్పష్టమైన వరుసయే వారికి ఆలస్యమగును. మేము ఉంగాలను ఊరంతయు చాటుకొంటిమి గాని, ఆ వరుస రాకపోవుటను గమనింపలేదు.

పిమ్మట ఆయన, తల్లిదండ్రులు రక్తసంబంధము గలవారా యని యడిగెను. అవును, మా కోడలు మా అక్కగారి కూతురే. ఆస్తి చెదరదనియు, ఎరిగిన పిల్ల యనియు పట్టుబట్టి యీ మేనరికము చేసినది మేమే. వీని చెవుడునకు అదియే కారణమని వైద్యుడు తేల్చి చెప్పలేదు. కాని తల్లియందును తండ్రియందును బయటపడక దాగియున్న ఒకే లోపము బిడ్డలో కలిసినప్పుడు ఇట్టి చెవుడు కలుగవచ్చుననియు, దగ్గరి సంబంధములలో అట్లు కలియుటకు అవకాశ మెక్కువ యనియు చెప్పెను. కోడలు తల వంచుకొని బిడ్డ జుట్టు సవరించుచుండెను. ఆమె తలయెత్తి చూచియుండినచో మేమేమి చెప్పగలిగియుందుము?

వినికియే పలుకునకు తల్లి. గర్భములోని కడపటి మాసములలోనే శిశువు తల్లి గొంతు వినును. అక్బరు పాదుషా కొందరు పసిబిడ్డలను మాటలాడని దాదులచేత పెంచించి 1582లో చూడబోగా, వారి నోట మాట యేదియు వెలువడలేదని అబుల్ ఫజలు అక్బరునామాలో వ్రాసెను. వినబడుటయే చాలదు; బిడ్డ చేసిన ధ్వనికి బదులు పలుకువారును కావలెను. డార్విను తన పెద్దకుమారుని శైశవమును గూర్చి 1877లో ప్రకటించిన వ్యాసములో, ఆ బిడ్డ ఏడాది నిండినప్పుడు అన్నమునకు 'మమ్' అను మాటను తానే కల్పించుకొన్నాడని తెలిపెను. మన యిండ్లలోని 'మమ్మం' ఇట్టిదే గదా! పెదవులు కలిపినచో వచ్చునవి అమ్మ, బువ్వ, పాప; నాలుక పండ్లకు తగిలినచో వచ్చునవి అత్త, తాత, నాన్న. బిడ్డ నోటికి తేలికయైన ధ్వనులనే పెద్దలు బంధువుల పేర్లుగా గైకొనిరి. కకార గకారములు పెక్కుమంది బిడ్డలకు కొంత పిదప వచ్చును. రేఫము ఇంకను పిదప.

ఇరువదవ నెలలో మనుమనికి వినికిడి యంత్రములు పెట్టించితిమి. నాటినుండి మా కోడలు లాలపోయుచు నీళ్ళను గూర్చియు, బువ్వ తినిపించుచు పప్పును గూర్చియు వాని యెదుట కూర్చుండి మాటలాడుచుండెను. నాలుగు నెలలు గడచెను. ఒకనాటి యుదయమున పెరటిలో మేము పత్రిక చదువుకొనుచుండగా వాడు చేయి చాచి "తాతా!" యనెను. మా యానందమునకు మేర లేకపోయెను. పత్రిక పారవేసి ఎత్తుకొనబోయితిమి. వాడు మా భుజము మీదుగా చూచుచు మరల "తాతా!" యనెను.

"మిమ్మల్ని కాదు మావయ్యా, కాకిని!" అని కోడలు పకపక నవ్వెను.

వెనుదిరిగి చూడగా కొబ్బరిచెట్టుపై కాకి అరచుచుండెను. 'క' పలుకరాక బిడ్డ 'త' పలికెను. ఆ గౌరవము మాకు గాక కాకికి దక్కినందుకు మాకు చింత లేదు. దాని కూత వాని చెవి సోకినది, అది చాలును. కాకినాడనుండి వచ్చిన పిదప మా కోడలు మాయెదుట నవ్వుట అదియే మొదలు.

వేయిమంది శిశువులలో ఒకరు మొదలు ముగ్గురి వరకు శాశ్వతమైన వినికిడి లోపముతో పుట్టుదురు. నెల నిండులోపల చెవులు పరీక్షించి, మూడు నెలలలో లోపము నిర్ధారించి, ఆరు నెలలలోపల సాయము మొదలిడవలెనని వైద్యులు చెప్పుదురు. పిల్లలలో ఎదుగుదల లోపములను కనిపెట్టుటకు 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమును ప్రభుత్వము ప్రారంభించినది. సాధనములు లేకపోలేదు, మన యోపికయే పిల్లలకు శత్రువగుచున్నది. అందరు పిల్లలును ఒకేనాడు మాటలాడరు, నిజమే. కాని పదునెనిమిది నెలలకు ఒక్క మాటయైనను రాని బిడ్డను వసకొమ్మునకు అప్పగింపకుడు, చెవులు చూపింపుడు. మేనరికమునకు ముహూర్తము పెట్టుకొనువారు ముందుగా వైద్యుని యొక్కమాట యడుగుడు. మేము అడుగలేదు.