శబ్దం ఎక్కడ పుడుతున్నది?

కారు ముందు భాగం నుంచి గరగరమనే శబ్దం మొదలైతే చాలా ఇళ్లలో రెండు పనుల్లో ఒకటి జరుగుతుంది. అద్దాలు ఎక్కించుకుని విననట్లు ఉండిపోతారు. లేదా భయపడి, 'అంతా చూడు' అంటూ బండిని షెడ్డులో అప్పగించి వస్తారు. మొదటి దానిలో ప్రాణానికి, రెండవ దానిలో జేబుకు ముప్పు ఉన్నది. ఈ రెండింటికి నడుమ మరొక మార్గం ఉన్నది. అది శ్రద్ధగా వినడం.

వినడం మా వృత్తిలో భాగం. మదర్సాలో పిల్లలకు తజ్వీద్ బోధించేటప్పుడు 'ఖాఫ్' కొండనాలుక దగ్గర పలికిందా, కాస్త ముందుకు జరిగి 'కాఫ్' అయిందా అన్నది చెవితోనే పట్టుకోవలసి ఉంటుంది. అక్షరం పుట్టే చోటును మఖ్రజ్ అంటాము. అది తెలిస్తే దిద్దడం సులభం. బండి శబ్దానికి కూడా అటువంటి చోటు ఒకటి ఉంటుంది.

నేడు మన వీధుల్లో తిరిగే చిన్న కార్లలో అధిక భాగానికి ఇంజను శక్తి ముందు చక్రాలకే అందుతుంది. తిరిగేవీ అవే, బ్రేకు భారం ఎక్కువగా మోసేవీ అవే. అందువలన అరుగుదల అక్కడే ఎక్కువ. దానిని గుర్తించడానికి మూడు ప్రశ్నలు చాలు.

మొదటిది: బ్రేకు తొక్కినప్పుడే వస్తున్నదా? అయితే బ్రేకు ప్యాడ్లు అరిగి ఉండవచ్చు. ప్యాడు మందం 3 మిల్లీమీటర్లకు చేరితే మార్చవలసిందే. అది పూర్తిగా అరిగితే ఇనుము ఇనుమును రాసుకుని డిస్కు కూడా పాడవుతుంది. రెండవది: వేగంతో పాటు పెరుగుతున్నదా? అయితే చక్రం బేరింగును అనుమానించాలి. మూడవది: స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తీసుకునేటప్పుడు టకటకమంటున్నదా? అయితే యాక్సిలు చివర ఉండే సీవీ జాయింటు రబ్బరు బూటు చిరిగి, గ్రీజు కారిపోయి ఉండవచ్చు.

గత శీతాకాలంలో ఈ ప్రశ్నలు మాకు అక్కరకు వచ్చాయి. మా చెల్లెలి కుమార్తె నికాహ్ నిమిత్తం గుంటూరు నుంచి కర్నూలుకు సకుటుంబంగా బయలుదేరాము. మరునాడు నికాహ్ ఖుత్బా మేమే చదవవలసి ఉన్నది. వినుకొండ దాటిన తర్వాత పక్క సీట్లోని మా శ్రీమతి, "ఏమండీ, నా కాళ్ల దగ్గర చక్రం ఏదో రుబ్బుతున్నట్లు ఉన్నది, వినండి" అన్నారు. ముందు దోర్నాల, ఆపైన నల్లమల అడవిలో మలుపుల దారి. వెనుక సీట్లో వయోవృద్ధురాలైన మా అమ్మీజాన్, పిల్లలు ఉన్నారు.

ఖాళీ రోడ్డుపై పరీక్షించాము. బ్రేకు తొక్కినా శబ్దం మారలేదు. వేగం పెరిగితే పెరిగింది. కుడివైపు వంపు తిరిగినప్పుడు మరింత హెచ్చింది. కుడికి తిరిగితే బండి బరువు ఎడమ చక్రంపై పడుతుంది గనుక దోషం ఎడమ బేరింగులోనే ఉండవచ్చు.

దోర్నాలకు ముందే ఒక ఊళ్లో షెడ్డు కనబడితే ఆగి ఇదంతా చెప్పాము. ఉస్తాద్ మరేదీ విప్పలేదు. నేరుగా ఎడమ వైపు జాకీ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. అది వదులుగా కదిలింది. "హజ్రత్, బేరింగు పోయింది. సామాను బస్సులో రేపు ఉదయానికి గాని రాదు" అన్నాడు.

"అబ్బా, మెల్లగా పోదాం. కర్నూల్లో చూపించుకోవచ్చు కదా" అన్నాడు మా అబ్బాయి.

"బేటా, మెల్లగా పోయినా మలుపులు తప్పవు. ప్రతి కుడి మలుపులోనూ బరువు ఆ చక్రం మీదనే పడుతుంది" అన్నాము. బేరింగు మరీ వదులైతే చక్రం బిగుసుకుపోవచ్చు, ఊడిపోనూ వచ్చు. అమ్మీజాన్‌ను, మిగిలినవారిని ఆర్టీసీ బస్సు ఎక్కించి మేము బండితో ఆగిపోయాము. ఖుత్బా మరొకరు చదివారు. మేము చేరేసరికి అస్ర్ నమాజు ముగిసింది. అందరూ క్షేమంగా ఉన్నారు, అల్‌హందులిల్లాహ్.

ప్రతి శబ్దమూ ప్రమాదం కాదు. రాత్రంతా వానలో తడిసిన బండి ఉదయం మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమంటే, అది డిస్కుపై పట్టిన పలుచని తుప్పు ఊడిపోవడం. కంకర దారి దాటగానే పుట్టిన కీచుశబ్దానికి కారణం డిస్కుకు, దాని వెనుక రేకుకు నడుమ చిక్కిన చిన్న రాయి కావచ్చు. కాని బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఇనుము రాసుకుంటున్నా, చక్రం ఊగుతున్నట్లు తోచినా బండిని అక్కడే ఆపివేయాలి.

షెడ్డుకు వెళ్లే ముందు శబ్దం ఎప్పుడు, ఏ వైపు, ఎంత వేగంలో వస్తున్నదో ఒక చీటీపై రాసుకోండి. నడిపేవారి దృష్టి రోడ్డు మీద ఉంటుంది. కొత్త శబ్దాన్ని ముందుగా వినేది తరచుగా పక్కన కూర్చున్నవారే. వారు 'ఏదో వినబడుతున్నది' అన్నప్పుడు 'ఏమీ లేదు' అనకండి. 'ఎక్కడ?' అని అడగండి.