పొద్దు కనిపించని చోట ఐదుపూటలా నమాజు

నమాజుకు గడియారం సూర్యుడే. మరి సూర్యుడే కనిపించని బొగ్గుబాయిలో పనిచేసేవాళ్ల సంగతేంటి? ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఉన్న సింగరేణి ఊళ్లలో ఇది తాతల నాటి ప్రశ్న.

కొత్తగూడెంలో ఇంకా తెల్లవారదు. మసీదు మైకులోంచి అజా వినిపిస్తుంది. వజూ చేసుకుని, ఫజర్ నమాజు చదివి, టిఫిను డబ్బా పట్టుకుని బయల్దేరితే ఏడింటికి మొదటి షిఫ్టు. ఇక్కడి ముస్లిం కార్మికుల రోజును నడిపించేవి రెండు పిలుపులు... ఒకటి అజా, రెండోది సైరన్!

ఇల్లందు దగ్గర బొగ్గుందని డాక్టర్ కింగ్ కనిపెట్టింది 1871లో. తవ్వకం మొదలైంది 1889లో. అప్పుడిది నిజాం రాజ్యం. పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లతో అడవి పక్కన ఊళ్లు వెలిశాయి. వాళ్ల వెంటే గుడులూ మసీదులూ చర్చిలూ వచ్చాయి. చిత్రమేంటంటే, ఇంగ్లాండులోని వోకింగ్‌లో మసీదు కట్టింది కూడా 1889లోనే. అందుకు సొమ్మిచ్చింది మన భోపాల్ బేగం షాజహాన్.

మూడు షిఫ్టులు... మూడు లెక్కలు

మొదటి షిఫ్టు ఏడు నుంచి మూడు దాకా. జొహర్ వేళ మొదలయ్యేసరికి మనిషి భూమి అడుగున ఉంటాడు. అయినా ఇబ్బంది లేదు. ఇక్కడ ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో అసర్ వేళ నాలుగు దాటాకే వస్తుంది. అంతదాకా జొహర్‌కు గడువుంటుంది. పైకొచ్చి, మసి కడుక్కుని చదువుకోవచ్చు. చిక్కల్లా శుక్రవారంతోనే. జుమ్మా నమాజు ఒంటరిగా చదవడానికి లేదు. అది తప్పితే బదులుగా జొహర్ చదువుకోవాల్సిందే.

మూడు నుంచి పదకొండు దాకా సాగే రెండో షిఫ్టు ఇంకా కష్టం. జుమ్మా దొరుకుతుంది కానీ అసర్, మగ్రిబ్ రెండూ పనివేళలోనే పడతాయి. అన్నిట్లోకీ మగ్రిబ్ గడువే తక్కువ. పొద్దుగూకింది మొదలు సందెవెలుగు పోయేదాకా... గంటా గంటంపావు, అంతే! కింద వెలుగంటే తలమీది ల్యాంపుదే. వేళ తెలియాలంటే చేతి గడియారమే దిక్కు. నమాజుకు మసీదే అక్కర్లేదు, శుభ్రమైన చోటు చాలు. నీళ్లు దొరక్కపోతే శుభ్రమైన మట్టితో 'తయమ్ముమ్' చేసుకోవచ్చు. అదీ కుదరకపోతే, దాటిపోయిన నమాజు 'ఖజా' అవుతుంది. అంటే బాకీ. తర్వాత చదివి తీర్చుకోవాలి.

రాత్రి షిఫ్టుకు వెళ్లేవారు ఇషా చదివి బయల్దేరతారు. వాళ్లకు చేజారేది ఫజర్. ఎండాకాలంలో అయిదున్నర దాటేసరికే పొద్దు పొడుస్తుంది. షిఫ్టు దిగేది ఏడింటికి!

అక్కడ సూర్యుడే పేచీ

ఇలాంటి చిక్కు బ్రిటన్‌లోనూ ఉంది. బ్రాడ్‌ఫర్డ్ లాంటి నగరాల్లో డిసెంబరులో నాలుగు కాకముందే మగ్రిబ్ వేళవుతుంది. జూన్‌లో అదే మగ్రిబ్ కోసం రాత్రి తొమ్మిదిన్నర దాటేదాకా ఆగాలి. నడివేసవిలో సందెవెలుగు రాత్రంతా పూర్తిగా పోదు. అందుకే ఇషా ఎన్నింటికన్నదానిపై అక్కడ ఎడతెగని చర్చలు. మన దగ్గర ఏడాది పొడవునా పొద్దు సుమారు గంటంపావుకు మించి అటూ ఇటూ జరగదు. ఇక్కడ సూర్యుడు మాట తప్పడు. మారేది షిఫ్టే.

సర్దుకుపోవడం ఈ నేలకు కొత్త కాదు. భద్రాచలం రామయ్య కల్యాణానికి ముత్యాలు పంపే ఆనవాయితీ తానీషాతో మొదలైందంటారు. ఇల్లందు మండలం సత్యనారాయణపురంలోనైతే నాగుల్‌మీరా దర్గా దగ్గరే శ్రీరామనవమికి సీతారామ కల్యాణం జరుపుతారు.

రాత్రి షిఫ్టు దిగి ఇల్లు చేరేసరికి ఎండ గుమ్మంలోకి వచ్చి ఉంటుంది. స్నానం చేసి, ఫజర్ బాకీ తీర్చుకుని, ఇంత తిని ఆయన నడుం వాలుస్తాడు. "నాన్న పడుకున్నాడు, బయట ఆడుకోండి" అని తల్లి పిల్లల్ని పంపేస్తుంది. ఎవరూ లేపక్కర్లేదు. మధ్యాహ్నం మసీదులోంచి జొహర్ అజా వినిపిస్తే తనే లేస్తాడు.