ఆరో తరగతి గడప

జూన్ వచ్చిందంటే ఐదో తరగతి పూర్తయిన పిల్లల మీదే నా ధ్యాస. ఇన్నాళ్లూ ఒకరిద్దరు టీచర్లే అన్నీ చెప్పారు. ఇక జిల్లా పరిషత్ హైస్కూల్లో బెల్లు కొట్టిన ప్రతిసారీ కొత్త సారు, కొత్త మేడం. చాలామందికి హిందీ అక్షరాలు కూడా అక్కడే మొదలు.

అమ్మానాన్నలకు ఒక్క మాట. టీసీ, ఆధార్ జిరాక్సులు ఇవ్వడానికి వెళ్లేటప్పుడు పిల్లల్నీ వెంట తీసుకెళ్లండి. క్లాసు గది, మంచినీళ్ల కుళాయి, బాత్రూములు ఎక్కడో చూపించండి. టైంటేబుల్ చూసుకుని రాత్రే బ్యాగు సర్దుకోవడం నేర్పండి. మొదటి వారం చదువు గురించి కాదు, "ఈరోజు ఎవరి పక్కన కూర్చున్నావ్ నాన్నా?" అని అడగండి.

పై తరగతుల పిల్లలూ! మీరూ ఒకప్పుడు ఆ గేటు దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడ్డవాళ్లే. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లండి. ఆ చెయ్యిని వాళ్లు ఎన్నటికీ మర్చిపోరు.