డిలీట్ కొడితే పోదు

డబ్లిన్ పడమటి శివారులో పాత కంప్యూటర్లను బాగుచేసి మళ్లీ వాడకంలోకి పంపే వర్క్‌షాపులో నా ఉద్యోగం. బల్ల మీదికొచ్చిన ప్రతి లాప్‌టాప్‌కూ రెండు పనులుంటాయి. ఒకటి, దాన్ని మళ్లీ నడిచేలా చేయడం. రెండోది, అంతకంటే ముఖ్యమైనది, పాత యజమానికి సంబంధించిన ఒక్క అక్షరం కూడా అందులో మిగలకుండా చూడడం. బ్యాటరీ బాగోకపోతే కొన్నవాళ్లు తిరిగి తెస్తారు. డిస్కు సరిగ్గా తుడవకపోతే మాత్రం, నష్టపోయే మనిషికి ఆ సంగతే తెలియదు. అందుకే మా పనిలో "తుడిచేశాం" అన్న మాట ఒక్కటే చాలదు. తుడిచినట్టు చూపించాలి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోవడంతో, విండోస్ 11కి సరిపోని మెషీన్లు ఎన్నో ఆఫీసుల్లో పక్కకు చేరాయి. ఆఫీసులకు ఇక్కడ చట్టం భయం ఉంది. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం, మనుషుల వివరాలు దగ్గర పెట్టుకున్న సంస్థ వాటిని పారేసేదాకా కాపాడాల్సిందే. బయటికి పొక్కి జనానికి ముప్పు ఉందంటే 72 గంటల్లోగా డేటా ప్రొటెక్షన్ కమిషన్‌కు చెప్పాలి. పెద్ద తప్పులకు జరిమానా 2 కోట్ల యూరోలు, లేదా ప్రపంచవ్యాప్త టర్నోవరులో 4 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అంతవరకూ పడొచ్చు. ఇళ్లలోని పాత లాప్‌టాప్‌లకు మాత్రం అడిగే నాథుడు లేడు.

బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉండే ఒక నర్సు అక్క, పాత లాప్‌టాప్ ఎవరికైనా ఇచ్చేద్దామని నా దగ్గరికి తెచ్చింది. "ఫోల్డర్లన్నీ తీసేశాను తమ్ముడూ, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశా. ఇంకేముంటుంది అందులో?" అంది. "ఒకసారి చూద్దామా అక్కా? నువ్వు పక్కనే కూర్చో," అన్నాను. ఆమె సరేనన్నాక ఫోటోరెక్ నడిపాను. ఎవరైనా ఉచితంగా దించుకోగల ప్రోగ్రాం అది. పోయిన ఫైళ్లను పేర్లు లేకుండా, వరస నంబర్లతో బయటికి తీస్తుంది. కాసేపటికే బొమ్మలు రావడం మొదలైంది: అమ్మానాన్నల పేర్లున్న పాస్‌పోర్టు చివరి పేజీ, ఇక్కడి నివాస అనుమతికి ఐఆర్‌పీ కార్డు రాకముందు ఇచ్చిన జీఎన్ఐబీ కార్డు, ప్రభుత్వ సేవలకు వాడే పీపీఎస్ నంబరుతో సహా ఏడాది జీతం, పన్ను లెక్కంతా ఉన్న పాత పీ60. ఐర్లండ్‌లో 2018 తర్వాతి ఏళ్లకు పీ60 ఇవ్వడం ఆగిపోయింది, ఆమె డిస్కులో మాత్రం చెక్కుచెదరలేదు. "ఇవన్నీ ఎప్పుడో తీసేశాను కదా!" అంటూ ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

అడంగల్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన పొలంలో పంట మాయమవదు. డిలీట్ చేయడమూ అంతే. విండోస్ తన పట్టికలో ఆ ఫైలు చోటు "ఖాళీ" అని గుర్తు పెట్టుకుంటుంది తప్ప, అక్కడున్నదాన్ని ముట్టుకోదు. హార్డ్ డిస్కులో దాని మీద ఇంకొకటి రాసేదాకా అది అక్కడే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ చేసినా కొత్త పట్టిక వస్తుందే గానీ పాత సరుకు పోదు.

తిరిగే పళ్లేలుండే హార్డ్ డిస్కును తుడవడమంటే మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు దాకా సున్నాలో, అడ్డదిడ్డమైన అంకెలో రాయడం. 35 సార్లు రాయాలని ఇప్పటికీ కొందరు అడుగుతారు. 1996లో పీటర్ గుట్‌మన్ రాసిన వ్యాసంలోని లెక్క అది. అప్పటి రకరకాల డిస్కులన్నిటికీ కలిపి వేసిన వరస, ఏ ఒక్క డిస్కుకూ అన్నీ అక్కర్లేదని తర్వాత ఆయనే వివరించాడు. ఈనాటి డిస్కుకు ఒక్కసారి పూర్తిగా రాసి, సరిచూస్తే చాలు. సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో ఒక టెరాబైట్ డిస్కు రాయడానికే దాదాపు మూడు గంటలు పడుతుంది.

సరిచూడడం దగ్గరే అసలు ఓపిక కావాలి. తుడిచిన డిస్కును మళ్లీ చదివిస్తాం. సున్నాలతో తుడిచి ఉంటే, డిస్కులోని బైట్లను నేరుగా చూపే హెక్స్ వ్యూయర్‌లో తెరంతా సున్నాల వరసలే కనపడాలి. మధ్యలో ఒక్క అక్షరం తేడాగా కనిపించినా ఆ డిస్కు పక్కకు పోతుంది. డిస్కు తనకు తానే పాడని పక్కన పెట్టిన సెక్టార్లలో పాత డేటా ఉండిపోవచ్చు, మామూలు రాత వాటిని చేరదు. అవి ఎక్కువున్న డిస్కును మేము నమ్మం, ముక్కలు చేయడానికే పంపుతాం. ఆఖరున డిస్కు లేబులు మీది సీరియల్ నంబరును రిపోర్టులోని నంబరుతో అక్షరమక్షరం పోల్చుకున్నాకే సంతకం పెడతాను.

తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లోనే డేటా దాచే ఎస్ఎస్‌డీ సంగతి వేరు. చిప్పులు సమంగా అరగాలని, కొత్తగా రాసే ప్రతిదాన్నీ అది వేరే చోట పెడుతుంది. మనకు కనపడని అదనపు చోటు కూడా అందులో ఉంటుంది. పైనుంచి ఎన్ని సున్నాలు రాసినా కొన్ని మూలలు మిగిలిపోవచ్చని 2011లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు చిప్పులు విప్పి చూసి మరీ తేల్చారు. అందుకని దానికి దాని సొంత ఆజ్ఞే ఇవ్వాలి: సెక్యూర్ ఎరేజ్ లేదా శానిటైజ్. చాలా లాప్‌టాప్‌లు ఆన్ కాగానే డిస్కును "ఫ్రోజెన్" చేసి ఆ ఆజ్ఞను అడ్డుకుంటాయి. అప్పుడు మెషీన్‌ను ఒకసారి స్లీప్‌లో పెట్టి లేపితే చాలాసార్లు ఆ తాళం ఊడుతుంది. హార్డ్ డిస్కు గంటలు తీసుకునే పని తరచూ నిమిషాల్లో అయిపోతుంది. అయినా సరిచూడడం మానం.

తుడిచేవాడు చదవకూడదు. మా వర్క్‌షాపులో అందరం పాటించే నియమమిది. ఫైళ్లు తెరిచి చూసే పని మాకు లేదు, చూడం. ఆ అక్క డిస్కును తెరిచింది కూడా ఆమె అనుమతితో, ఆమె కళ్ల ముందే.

ఈ పనిని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో లోకం చూసింది. 2003లో అచ్చైన ఒక అధ్యయనం కోసం ఎంఐటీ విద్యార్థులు ఇద్దరు సెకండ్‌హ్యాండ్‌లో 158 డిస్కులు కొంటే, పనిచేసిన 129లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో వేలకొద్దీ క్రెడిట్ కార్డు నంబర్లు బయటపడ్డాయి. డేటా తుడవడంలో అనుభవం లేని సామాను తరలింపు సంస్థకు పాత డిస్కులు అప్పగించినందుకు మోర్గాన్ స్టాన్లీకి అమెరికా నియంత్రణ సంస్థ 2022లో మూడున్నర కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

"సుత్తితో పగలగొడితే పోలా?" అని అడుగుతారు. చచ్చిన డిస్కుకు అదే దారి, కానీ యంత్రంలో ముక్కలు కావాలి. ఎస్ఎస్‌డీలో అయితే చిప్పులే నలగాలి. బతికున్న డిస్కును పగలగొట్టడం మాత్రం నాకు ఇష్టముండదు. డబ్లిన్‌లో 2005లో మొదలైన కమారా ఎడ్యుకేషన్ ఇలాంటి పాత కంప్యూటర్లనే తుడిచి, బాగుచేసి ఆఫ్రికా దేశాల బడులకు పంపింది. సరిగ్గా తుడవగలిగితే ఒక పిల్లవాడికి కంప్యూటరు దక్కుతుంది, పాత యజమాని గుట్టూ భద్రంగా ఉంటుంది.

ఇంట్లో మీరే చేసుకోవచ్చు. ముందు కావలసినవి వేరే చోట దాచుకోండి. విండోస్‌లో రీసెట్‌కు వెళ్లి, అన్నీ తీసేయమని చెప్పి, సెట్టింగ్స్ మార్చే చోట "క్లీన్ డేటా" ఆన్ చేయండి. ఇది ఇంటి అవసరానికి సరిపోతుంది. ఎస్ఎస్‌డీ అయితే తయారీదారు ఇచ్చే ప్రోగ్రాంతో చెరపడం ఇంకా మంచిది. ఆ తర్వాతే కూల్‌మైన్ లాంటి రీసైక్లింగ్ సెంటరుకు ఉచితంగా ఇచ్చేయండి. తుడిచే బాధ్యత వాళ్లది కాదు, మీదే. సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో అమ్మినా ఇదే పద్ధతి.

కొత్త మెషీన్ కొన్న రోజే దానికి ఎన్‌క్రిప్షన్ పెట్టండి. 2008లో ఐరిష్ రక్తమార్పిడి సేవకు చెందిన లక్షా 70 వేలకు పైగా రికార్డులున్న లాప్‌టాప్ న్యూయార్క్‌లో దొంగలపాలైంది. ఆ డేటాకు రక్షణగా మిగిలింది ఎన్‌క్రిప్షనే. కొత్తది కొన్న వారంలోనే పాతదాన్ని కూడా తుడిచేయండి. అటక మీద ఏళ్ల తరబడి పడున్న డిస్కు ఒకనాటికి తిరగడం మానేయొచ్చు. డేటా అందులోనే ఉంటుంది, తుడిచే వీలు మాత్రం ఉండదు. అప్పుడు దాన్ని ముక్కలు చేయించక తప్పదు, ఎవరికో పనికొచ్చే మెషీన్ పోతుంది. నడుస్తున్నప్పుడే తుడవండి.